చివరి డిస్కుకు నేను చెప్పిన కథ

ఒక బొమ్మల సీరియల్ కథను నేను తప్పుగా చెప్పాను. రాయబోతే ఇంత చిన్న వాక్యం అయింది. మోసినన్నాళ్లూ ఇది చిన్నదని ఎప్పుడూ అనిపించలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలేమో. తెలిసినవాళ్ల ముందు నిన్నటిదాకా, ఇరవై ఏళ్లు, నా నోరు పెగల్లేదు.

మాది బర్మా, యాంగోన్‌లో తాకేటా పేట. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్లు. అప్పట్లో మా సందులో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే, సందుకు పెద్ద అయిన నారయ్యగారిది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ముందుగదిలో చేరి అందరం అద్దెకు తెచ్చిన డిస్కుల్లో ఒక జపాన్ సీరియల్ చూసేవాళ్లం. వేరే గ్రహం నుంచి ఒక జాతి దండెత్తి వస్తుంది. మనుషులు చంద్రుడి మీద కోట కట్టుకుని దానితో యుద్ధం చేస్తారు. మాటలు జపానువి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. ఆ అక్షరాలు ఆగకుండా చదవగలిగింది నేనొక్కణ్నే. అందుకని టీవీ పక్కన పీట వేసుకుని నేను తెలుగులో కథ చెప్పేవాణ్ని. దండెత్తి వచ్చేవాళ్లకు ‘పైనోళ్లు’ అని పేరు పెట్టింది నేనే. మామ్మలు కూడా “పైనోళ్లొచ్చీసేరా?” అని అడుగుతూ వచ్చి చోటు చూసుకునేవారు. మిగతా రోజుల్లో ఒక షిప్పింగ్ ఆఫీసులో ఎవరూ తలెత్తి చూడని గుమాస్తాను. ఆ పీట మీద మాత్రం నా మాట కోసం గది గదంతా ఎదురుచూసేది. ఆ రుచి మరిగాను. ఇది కూడా చెప్పాలి కదా.

ఆ గదిలో ఎప్పుడూ గుమ్మం దగ్గర కూర్చునేవాడు కోటేశు. నది అవతల ట్వంటేలో కుండలు చేసే ఇంటివాడు. తండ్రి మనవాడు, తల్లి బర్మా ఆమె. మోటార్లు బాగుచేయడానికి మా సందుకు వచ్చి ఉండిపోయాడు. సందంతటికీ ఉన్న ఒక్క నీళ్ల పంపునూ అతనే చూసేవాడు కాబట్టి పంపు గది తాళంచెవి అతనికి ఇచ్చారు. మా సందు కట్టుబాటు ఒకటే. తాళంచెవి ఎవరిదో, జవాబూ వాళ్లదే.

కోటేశు తెలుగు తడబడేది. ఆ తడబాటు వినడానికే మా చెల్లెలు పార్వతి అతన్ని ఏదో ఒకటి అడుగుతూ ఉండేది. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. వానలు వెళ్లాక పెళ్లి మాట ఖాయం చేద్దామని ఇంట్లో అనుకున్నారు.

సీరియల్లో ఒక కుర్రాడుంటాడు. పైనోళ్లలో పుట్టి మనుషుల పక్షాన పోరాడతాడు. నవ్వించడానికి వాడి మాటలన్నీ కోటేశు తెలుగులో చెప్పేవాణ్ని. గదంతా పడీపడీ నవ్వేది. అందరికన్నా ఎక్కువ కోటేశే నవ్వేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వస్తే ఎంతసేపుంటుందో తెలియదు, అందరూ బిందెలతో పరుగెత్తడమే. కోటేశు పనిలో ఉంటే నేనే తాళంచెవి అడిగి తీసుకుని పంపు వేశాను. మా డ్రమ్ము సగం నిండేసరికి కరెంటు పోయింది. మళ్లీ వస్తుందేమో అనుకున్నాను. చివరి డిస్కు వచ్చిందని అద్దె దుకాణం నుంచి కబురు వచ్చి ఉంది. దుకాణం మూసేలోగా అందుకోవాలని, దారిలో తాళంచెవి కోటేశు చేతిలో పెట్టి బస్సు ఎక్కేశాను. పంపు గది తలుపు తీసే ఉంది. ఆ సంగతి బస్సులో గుర్తుకు వచ్చింది. దిగలేదు.

మర్నాడు పంపు మోటారు లేదు.

తాళం పగలలేదు కాబట్టి ఎవరూ ఎక్కువ ఆలోచించలేదు. తాళంచెవి కోటేశుది. ఎవరూ పైకి ఏమీ అనలేదు, బిందెలు పట్టుకుని పక్క సందుకు పోతూ అతని వైపు చూడటం మానేశారంతే. ఆ సాయంత్రం అతను నా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, తాళం నీ చేతిలోన ఉంది ఆ పూట.”

“ఉందిరా. తలుపెయ్యడం మర్సిపోనాను.”

“నాను చెప్తే మీ అమ్మ బాద పడతాది. పార్వతి కూడాను. నువ్వే చెప్పీ.”

“ఆదివారం కథయ్యాక అందరూ ఉంటారు కదా. అప్పుడు నానే చెప్తాను.”

అతను నవ్వాడు. “నువ్వు చెప్తే బాగుంటాది. నా తెలుగుకి నారయ్య తాత ‘ఏటన్నావు, ఏటన్నావు’ అంటాడు. చెప్పినాక మోటారు నాను ఎక్కడో వెతికి తెస్తాన్లే.”

చెప్తాననే అనుకున్నాను. ఇది నమ్మండి. లేక ఇప్పుడు అలా అనుకోవాలని ఉందా? ఇన్నేళ్లు తిరగేసి తిరగేసి, ఆనాటి మనసు ఏదో, తర్వాత నేను అతికించుకున్నది ఏదో నాకే తెలియకుండా పోయింది.

ఆదివారం గది నిండిపోయింది. చివరి డిస్కులో చంద్రుడి మీది కోట తలుపు ఎవరో లోపలి నుంచి తీసి వదిలేస్తారు. పైనోళ్లు లోపలికి వచ్చేస్తారు. తెర మీద ఆ కుర్రాడి ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఏడుస్తున్నాడు. అప్పుడు నారయ్యగారు వక్క కొరుకుతూ, “తలుపు తీసినోడెవుడ్రా? తాళం ఎవుడి కాడుందో ఆడేనా?” అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

కింద అక్షరాల్లో స్పష్టంగా ఉంది. తీసింది ఆ కుర్రాడు కాదు. మనుషుల్లోనే ఒక అధికారి, ప్రాణభయంతో తీశాడు. చదివాను. చదివి, “అవును తాతా, ఆ కుర్రోడే. ఎంతైనా పైనోడు కదా” అన్నాను.

ఏడుస్తున్న ముఖాన్ని అందరూ చూశారు. అయినా నా మాటనే నమ్మారు.

కోటేశు డిస్కు అయ్యేదాకా కూర్చున్నాడు. అయ్యాక నా వైపు చూశాడు. నేను డిస్కును జేబురుమాలుతో తుడుస్తూ ఉన్నాను. చాలాసేపు తుడిచాను. తలెత్తేసరికి అతను లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. తాళంచెవి నారయ్యగారి గుమ్మం మీద పెట్టి వెళ్లాడు. మళ్లీ మా సందుకు రాలేదు. పార్వతికి రెండేళ్ల తర్వాత తన్లిన్ ఊరి సంబంధం కుదిరింది. ఒకసారి పడవలో నది దాటి ట్వంటే దాకా వెళ్లాను. కుండలు ఆరబెట్టిన వాకిళ్లు చూసుకుంటూ నడిచి, ఎవరినీ అడగకుండానే తిరిగి వచ్చాను.

పోయిన నెల మా అబ్బాయి అదే సీరియల్ ఫోనులో, బర్మా అక్షరాలతో చూశాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే తడబడతాడు. అచ్చం కోటేశులా. మమ్మల్ని చూడటానికి వచ్చి, కోట తలుపు తీసింది ఆ కుర్రాడే కదా అన్న పార్వతితో, “అత్తా, డోర్ ఓపెన్ చేసింది ఆడు కాదు, కమాండర్” అన్నాడు. పార్వతి నా వైపు తిరిగింది. “మరి నువ్వలా చెప్పీసేవేటన్నియ్యా?”

“అచ్చరాలు కనబడ్లేదే,” అన్నాను. ఈ వయసులో, రెండోసారి.

నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి అంతా చెప్పాను. బస్సు, తలుపు, అక్షరాలు, అన్నీ. చివర ఒకటే అడిగింది.

“కోటేశుకి తెలుసా?”

“తెలుసు.”

టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. వచ్చే ఆదివారం వస్తుందో రాదో చెప్పలేదు.

నేనూ అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను. కానీ ఆమె వెళ్లాక, ఇన్నేళ్లూ దాచుకున్న ఆనాటి పీట మీద కూర్చుని, గదిలో ఎవరూ లేకపోయినా, ఆ చివరి డిస్కు కథను ఉన్నదున్నట్టు పైకి చెప్పుకున్నాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి నా గొంతు నాది అనిపించింది. ఇప్పుడు మీకు కూడా చెబుతున్నాను. ఆ కుర్రాడు తలుపు తీయలేదు. కోటేశు తీయలేదు. తీసి వదిలేసింది నేను.