బోర్డు మీద నా మాట

చింతపండు పిప్పితో ఇత్తడి చెంబు తోమితే చేతికి ఒక వాసన పడుతుంది. పులుపూ లోహమూ కలిసిన వాసన. సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లోంచి పోదు. కొత్తకోట రోడ్డు మీద నేను పనిచేసే ధాబాలో దేవుడి పటం ముందరి చెంబులు శుక్రవారం నేనే తోముతాను. ఆ పూట ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఇంగ్లీషు సారు గుర్తుకొస్తాడు. మనసులో తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే ఆయన నేర్పిన వాక్యాలు ఒక్కొక్కటే చెప్పుకుంటాను. నాకు రాయడం సరిగా రాదు; నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మా ఊరు లింగాల అవతల. నా పెనిమిటి మేస్త్రీ వెంట కాలువ పనికి పోయి, మట్టిపెళ్ల విరిగి మీద పడి చనిపోయాడు. మరుసటి ఏడు మా ఊరి బడిలో మధ్యాహ్నం వంట పని నాకు దొరికింది. నా ఇద్దరు పిల్లలు ఆ పని మీదే బతికారు. వంటగదికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో కిటికీ. కూరగాయలు కోస్తూ నేను ఇంగ్లీషు సారు పాఠం వినేదాన్ని. ఒకరోజు ఆయన బోర్డు మీద ‘ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్’ అని రాసి చదివాడు. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఆయన కిటికీ దగ్గరికొచ్చాడు.

“బాలమ్మా, పప్పుల ఉప్పు ముందుగాల ఏస్తె ఏమైతది?”

“ఉడకదు సారూ.”

“ఎప్పుడన్న ఒకసారి ఉడుకుతదేమో?”

“ఎన్నడేసినా ఉడకదు. మీ ఇంట్ల అమ్మనడుగుండ్రి, మీకేం తెలుస్తది.”

పిల్లలు ఒకటే నవ్వు. సారు కూడా నవ్వి, నా మాటనే ఇంగ్లీషులో బోర్డెక్కించాడు. “ఇదిరా ఇఫ్ అంటే. ఎన్నిసార్లు చేసినా అదే అయితదనుకో, రెండు దిక్కులా ఇప్పటి క్రియనే పెట్టాలె. రేపు అయితదేమో అన్న అనుమానం దీంట్ల లేదు” అన్నాడు. సాయంత్రం తుడిచే దాకా నేను ఆ సుద్ద గీతలు చూస్తూనే ఉన్నాను. అంతకు ముందు నా మాటను ఎవరూ రాసిపెట్టలేదు. ఆ తర్వాత రోజుకొకటి అడిగేవాడు. పాలు పొంగడం, పిండి పులవడం, తడి కట్టె పొగ పెట్టడం, అన్నీ బోర్డెక్కాయి. ఇట్లా చేస్తే ఇట్లా అవుతుందని పెద్దవాళ్ల ముందు కూడా నోరు తెరిచి చెప్పే ధైర్యం నాకు ఆయన వల్లే వచ్చింది. ఆ మాట కాదనను.

ఆ ధైర్యంతోనే ఒకసారి హెడ్మాస్టరుకు, మా పెద్దసారుకు, ఎదురు చెప్పాను. ఊళ్లో ఒక పెద్దమనిషి తన తండ్రి పేరు మీద బడికి ఇత్తడి గంగాళం ఇచ్చాడు. పాతది, లోపల తగరం పూత, కళాయి అంతా లేచిపోయింది. మరునాడు ఆయన చూడవస్తాడు కాబట్టి పులుసు దాంట్లోనే కాయమన్నాడు పెద్దసారు.

“కళాయి లేదు సారూ. పులుపు పెడితే చిలుమెక్కుతది, పిల్లలు కక్కుకుంటరు. అచ్చంపేటకు పంపి కళాయి పోయించుండ్రి, అప్పుడు కాస్త.”

“ఇచ్చినాయన వస్తుండు, నేను చెప్పింది చెయ్యి. లేకుంటే చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు.”

ఇంగ్లీషు సారు వరండాలోనే నిలబడి విన్నాడు. ఆ మధ్యాహ్నం నా మాటను తరగతిలో రాయించాడు కూడా: ‘ఇఫ్ యూ కీప్ టామరిండ్ ఇన్ బ్రాస్, ఇట్ టర్న్స్ గ్రీన్.’ తెల్లారి నేను ఆ గంగాళంలోనే కాచాను. తెలిసీ కాచాను. పని పోతుందని భయపడ్డాను. పెద్దమనిషి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటి దాకా పెద్దసారు వడ్డించనివ్వలేదు, పులుసు ఆ ఇత్తడిలోనే ఉండిపోయింది. ముందు బంతిలో తిన్న పిల్లలు వరసగా కక్కుకున్నారు. ఆటోల్లో దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రానికి అందరూ ఇళ్లకు వచ్చారు, అది దేవుడి దయ.

మూడో రోజు విచారణకు ఆఫీసరు వచ్చాడు. వంటంతా నాదేనని, తనకేమీ తెలియదని పెద్దసారు చెప్పాడు. “నేను ముందే చెప్పిన సారూ. ఇంగ్లీషు సారు ఇన్నడు, అడుగుండ్రి” అన్నాను. ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కళాయి లేని ఇత్తడిలో పులుపు ఉంచితే చిలుమెక్కుతుంది సార్. ఇది ఎవరికైనా తెలిసిన విషయమే.”

అంతే. కాయమన్నదెవరో, వద్దన్నదెవరో ఆ మాటలో లేదు. ఆఫీసరు నన్ను చూసి, “తెలిసి కూడా ఎందుకు కాచినవమ్మా?” అన్నాడు. ఆ రోజే నా పని పోయింది. పిల్లలకు విషం పెట్టిన మనిషినని పొలాల్లో కైకిలి కూలికి కూడా ఎవరూ పిలవలేదు. నేను ఊరు విడిచి పెట్టే ముందు ఇంగ్లీషు సారు మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“బాలమ్మా, నేనైతే అబద్ధం చెప్పలే.”

“అవు సారూ, అబద్ధం చెప్పలే. పెద్దసారు పేరు గూడ చెప్పలే.”

తల వంచుకుని పోయాడు. మళ్లీ కలవలేదు. చనిపోయాడని మొన్న విన్నాను. ఏడుపు రాలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకా నాతోనే ఉంది, కానీ ఆయన ఆపిన చోట నేను ఆపను. పోయిన నెల ధాబాలో లారీ డ్రైవరొకాయన కూర వాసన చూసి ప్లేటు నెట్టేశాడు. సేటు గల్లా దగ్గర్నుంచే, “ఎండాకాలం కూర నిలవ పెడితే గట్లనే అయితది అన్నా” అన్నాడు.

“నిన్నటి కూర అన్నా ఇది. పారబోస్తనంటె సేటే పెట్టమన్నడు. పెట్టింది నేను” అన్నాను.

డ్రైవరు లేచి వెళ్లాక సేటు నా మీదికొచ్చాడు. “గింత నోరేంది నీకు? రేపట్నుంచి రాకు అంటె ఏం జేస్తవ్?”

“రాకు అంటె రాను. పెట్టమన్నదైతే నువ్వే” అని, మిగిలిన కూర గిన్నె ఎత్తుకుపోయి ఆయన చూస్తుండగానే పెంటలో పారబోశాను.