ఉయ్యాల మీద ఏడు పిట్టలు

మెడలో టేపు లేకుండా టైలరమ్మను ఎవరూ చూసి ఉండరు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే కబుర్లు చెబుతుంది, ఒక్కటీ జారదు. ముప్పై ఏళ్లుగా ఆమె కుట్టిన బట్టలో అతుకు పైకి కనబడింది లేదు. మేనకోడలికి నెలలు నిండుతున్నాయి. ఆదివారం కానుకల విందు. పుట్టబోయే బిడ్డ ఉయ్యాల మీద వేలాడదీయడానికి రంగురంగుల గుడ్డముక్కలతో ఏడు పిట్టలు కుట్టింది. పొట్టలకు తెల్లగుడ్డ వేసి, దూది కూరి, అలవాటు కొద్దీ అతుకును పొట్ట కింద దాచి, చెక్క వలయానికి కట్టి, షాపు మధ్యలో వేలాడదీసింది. "కొన్నదానిలా ఉంది వదినా!" అంది మేనకోడలి తల్లి, అంటే టైలరమ్మ తమ్ముడి భార్య.

టైలరమ్మ మురిసిపోలేదు. ఏ బట్టనైనా వేసుకునేవాళ్ల ఒంటి మీద చూసుకోనిదే ఇవ్వని మనిషి. "దీన్ని చూసేవాళ్లు పడుకుని కదా చూస్తారు," అంటూ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, నేల మీద వెల్లకిలా పడుకుంది. పైన ఏడు తెల్లటి పొట్టలు, ఏడు అతుకులు. రంగులన్నీ పైకప్పుకే కనబడుతున్నాయి. పడుకునే పకపకా నవ్వింది.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదు గానీ, ఆ కత్తెర ఇలా ఇవ్వు."

ఏడింటినీ విప్పి, రంగుల గుడ్డలు పొట్టలకు వేసి, అతుకులు వీపుల మీదికి తెచ్చింది. ఆదివారం విందులో ఒకావిడ పిట్ట వీపు మీద వేలు పెట్టి, "అయ్యో, కుట్టు పైకే కనబడుతోందే!" అంది. టైలరమ్మ ఈ మాట పడటం ఇదే మొదటిసారి.

"మీరు నిలబడ్డారు కదమ్మా, అందుకు," అంది నిదానంగా.