చైతన్య నూరో గోలు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, సెప్టెంబర్ మొదటి శనివారం, మా వారాంతపు లీగ్ ఫైనల్స్‌కు ముందరి ఆఖరి రౌండుకు నన్ను గోల్ అంపైర్‌గా వేశారు. పడమటి కొస నాది. సోమవారం నుంచి శుక్రవారం దాకా జురాంగ్ ఐలాండ్‌లో చమురు కర్మాగారాల ప్రెషర్ గేజీలు తనిఖీ చేసేవాణ్ణి. శనివారం గోలు స్తంభాల మధ్య నిలబడేవాణ్ణి. రెండు కొలువుల నుంచీ ఇప్పుడు విరమించాను. మొదటిదాంట్లో పొరపాటు జరిగితే ద్వీపం గాల్లోకి లేస్తుంది, రెండోదాంట్లో జరిగితే ఆస్ట్రేలియావాళ్ళు లేస్తారు. నాకు భయం రెండోదంటేనే.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ చూడనివారి కోసం నాలుగు మాటలు. మైదానం గుడ్డు ఆకారం, బంతి గుడ్డు ఆకారం, అంపైర్‌కు దక్కే గౌరవమూ ఇంచుమించు అదే ఆకారం. ఒక్కో కొసన నాలుగు స్తంభాలుంటాయి. కాలితో తన్నిన బంతి దేన్నీ తాకకుండా మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి పోతే గోలు, ఆరు పాయింట్లు. పక్క ఖాళీలోంచి పోయినా, మధ్య స్తంభాన్ని రాసుకుని పోయినా ‘బిహైండ్’, ఒక్కటే పాయింటు. బంతిని ఆపడానికి గోల్‌కీపర్ ఉండడు. ఏం జరిగిందో చెప్పడానికి గోల్ అంపైర్ ఉంటాడు. గోలయితే రెండు చూపుడు వేళ్ళు, ఆపైన రెండు జెండాలు. బిహైండయితే ఒక వేలు, ఒక జెండా. స్తంభానికి తగిలితే ముందు దాన్ని అరచేత్తో తట్టి చూపాలి. మైదానం అంపైర్ ‘ఆల్ క్లియర్’ అనేదాకా వేలు కదపకూడదు. జెండా ఊపాక అవతలి కొస అంపైర్ తన జెండా ఊపి బదులిస్తాడు, ఇద్దరమూ కార్డు మీద గీత గీస్తాం. ఆ గీత పడ్డాక దేవుడు దిగొచ్చినా ఫారం నింపి అప్పీలు చేసుకోవలసిందే.

చైతన్య ఫుల్ ఫార్వర్డ్. అంటే స్తంభాలకు అతి దగ్గరగా కాచుకుని ఉండి, వచ్చిన బంతినల్లా గోలుగా మార్చడమే పనిగా ఉన్నవాడు. తణుకు వాళ్ళబ్బాయి, మెల్‌బోర్న్‌లో పెరిగాడు, ఇక్కడ బిషాన్‌లో ఉంటూ బ్యాంకులో పనిచేసేవాడు. అతను గట్టిగా తన్నిన బంతి సరిహద్దు అవతల జొహోర్‌లో పడితే తెచ్చుకోవడానికి పాస్‌పోర్టు కావాలని జట్టువాళ్ళు అనేవారు. నేను చూసినంతలో అది అబద్ధం, సరిహద్దుకు కాస్త ఇవతలే పడేది. నాలుగు సీజన్లు అతని గోల్స్‌కు జెండాలూపి నా భుజాలు రెండంగుళాలు వెడల్పయ్యాయి. బుకిట్ బటోక్‌లో నా చొక్కాలు కుట్టే ఆయనే సాక్షి.

ఆ సీజన్లో అప్పటికి అతని లెక్క తొంభై నాలుగు. ఒక్క సీజన్లో నూరు గోల్స్ మా లీగ్‌లో ఎవరూ కొట్టలేదు. మంగళవారం అతని కుడి మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత ఆట మాటే ఎత్తొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. కాబట్టి ఉన్నది ఆ ఒక్క మ్యాచే. నూరో గోలు పడగానే ప్రేక్షకులు మైదానంలోకి పరిగెత్తి ఆటగాణ్ణి ముంచెత్తడం ఈ ఆటలో ఆచారం. దానికని బిషాన్ తెలుగు కుటుంబాలు డప్పుతోనూ పులిహోరతోనూ దిగాయి.

ఆటకు అరగంట ముందు స్తంభాల తనిఖీ గోల్ అంపైర్ విధి. నిటారుగా ఉన్నాయా, చుట్టిన మెత్త గట్టిగా ఉందా, ఎక్కడైనా ఏదైనా వేలాడుతోందా అని చూసి ఫారంలో టిక్కు పెట్టాలి. ఎడమ స్తంభం దగ్గర ఒక పెద్దావిడ మడత కుర్చీ ఎక్కి, మెత్త పైఅంచుకు నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ కడుతోంది. చైతన్య తల్లి వరలక్ష్మిగారు, ఆపరేషన్ కోసమని మెల్‌బోర్న్ నుంచి వచ్చారు.

“మీరేనా బాబూ జెండాల మాస్టారు?”

“అవునండీ. ఇది... ఇక్కడ...”

“దిష్టికండీ. తొంభై నాలుగు కొట్టాడని వీళ్ళంతా వాట్సాప్‌లో పెట్టేశారు. ఊళ్ళో కళ్ళన్నీ వాడి మోకాలి మీదే. కాస్త కుర్చీ పట్టుకోండి, పడిపోయేలా ఉన్నాను.”

పట్టుకున్నాను. ముడి సరిగా పడిందో లేదో కూడా చూసి చెప్పాను. తర్వాత ఫారంలో టిక్కు పెట్టాను.

మూడు క్వార్టర్లలో చైతన్య నాలుగు కొట్టాడు. నాలుగోదాంట్లో ఇంకోటి. తొంభై తొమ్మిది. ఆట ఇంకో నిమిషం ఉందనగా బంతి అతని చేతికి చిక్కింది. మోకాలు మొరాయించడం వల్ల పైకి లేపలేక, వంపు తిరిగేలా కిందుగా తన్నాడు. అది ఎడమ స్తంభం లోపలి అంచు వెంట, నా తలకు అరచేయంత ఎత్తున దూసుకుపోయింది. ఒక నిమ్మకాయ తెగి, దొర్లుకుంటూ వచ్చి నా బూటుకు ఆనుకుని ఆగింది.

జనం సంకేతం కోసం ఆగలేదు. వచ్చింది నలభై మందే గాని నాకు పుష్కరాల రద్దీ కనిపించింది. డప్పు ముందు, పులిహోర గిన్నె వెనక. వాళ్ళను తోసుకుంటూ మైదానం అంపైర్ సెల్వం వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుడు. మేమిద్దరం మాట్లాడుకునేది మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషే, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

“నా వైపు ఆల్ క్లియర్. నువ్వేంటి బ్రో, బొమ్మలా నిలబడ్డావు?”

కిందకు చూపించాను.

“అయ్యో. మా అమ్మా కడుతుంది, కారుకి. కారుకి కట్టాలి లా, పోస్టుకి కాదు! బంతి తగిలిందా?”

“తగిలింది.”

“నాకు కనబడలేదు. కొస నీది, తీర్పు నీది.”

ప్రపంచంలో ఇంకెవరికీ కనబడలేదు. నిమ్మకాయ గాలికి తెగిందంటే నమ్మడానికి నలభై మంది సిద్ధంగా ఉన్నారు. రూల్సు పుస్తకంలో నిమ్మకాయ ఊసే లేదు. అయితే స్తంభానికి చుట్టిన మెత్త స్తంభంలో భాగమని ఉంది. మెత్తకు కట్టింది కూడా అంతే అవుతుంది. పైగా కుర్చీ పట్టుకుని మరీ దాన్ని స్తంభంలో భాగం చేసినవాణ్ణి నేనే. ఎడమ స్తంభాన్ని తట్టాను. ఒక వేలు చూపాను. ఒక జెండా ఊపాను.

డప్పు ఆగింది. “ఏంటంకుల్, మనవాడే కదా!” అని ఒక గొంతు. “కళ్ళజోడు మార్చండంకుల్, చందా వేస్తాం!” అని ఇంకోటి. గుంపులోంచి చైతన్య కుంటుతూ వచ్చాడు.

“తగిలిందా అంకుల్?”

“తగిలింది.”

“దేనికి?”

నిమ్మకాయ చూపాను. అతను దాన్నీ, దూరంగా చేతులు జోడించి నిలబడ్డ తల్లినీ చూశాడు.

“అమ్మకి చెప్పకండి ప్లీజ్. పోస్ట్‌కి తగిలిందనండి, చాలు.”

అవతలి కొసన ఒక జెండా ఊగింది. గీత గీశాను. జనాన్ని బయటకు పంపి, మిగిలిన నిమిషం ఆడించారు. బంతి మళ్ళీ మా కొసకు రాలేదు. జట్టు సులువుగా గెలిచింది, చైతన్య లెక్క తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. ఆ తర్వాత అతను ఆడలేదు.

వరలక్ష్మిగారు నా దగ్గరకొచ్చి, ఎంతలో తప్పిందని అడిగారు. వెంట్రుక వాసిలో స్తంభానికి రాసుకుందండీ అన్నాను.

“చూశారా మరి! ఆ కాయలు కట్టబట్టి పాయింటైనా దక్కింది,” అన్నారు.

అవునండీ అన్నాను.

రిపోర్టులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను: తనిఖీలో అన్యవస్తువును తొలగించకుండా గోల్ అంపైర్ తప్పుడు టిక్కు పెట్టాడు, బంతి దాన్ని తాకింది. ఎవరు కట్టారన్న గడి ఫారంలో లేదు, నేను కల్పించలేదు. ఫైనల్స్ జాబితా నుంచి నన్ను తప్పించారు. సబబే.

గోల్ అంపైర్‌కు కష్టమంతా జెండా ఎత్తే క్షణంలో ఉంటుందని అనుకునేవాణ్ణి. ఆ క్షణంలో చేయగలిగింది ఒక్కటే, చూసింది చూపడం. అసలు ఉద్యోగం అంతకు ముందే, ఎవరూ చూడని తనిఖీలో ఉంటుంది. ఆ పూట ఒక పెద్దావిడకు వద్దని చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటం నాది, పోయిన గోలు చైతన్యది.