శవాసనంలో వాళ్ళు, వీధిలో నేను

2007 వానాకాలం. పెళ్ళయి ములకలపల్లి వచ్చి రెండేళ్ళు. డిగ్రీ తర్వాత చేసిన యోగా డిప్లొమా ఉంది, ఒళ్ళో ఎనిమిది నెలల పాప ఉంది. మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు క్లాసు చెప్పేదాన్ని. మోకాళ్ళ నొప్పులతో, బీపీతో వచ్చేవాళ్ళే ఎక్కువ.

సలోమి టీచర్ మాత్రం నిద్ర కోసం వచ్చింది. అడవి లోపలి ఊరి బడికి ఆమె ఒక్కతే టీచరు. భర్త పోయినప్పటి నుంచి రాత్రంతా మెలకువే. ఒకరోజు బళ్ళో కుర్చీలోనే కునుకు పడితే, ఒకటో తరగతి పిల్ల వాగు దాకా నడిచి వెళ్ళిపోయింది. పశువులు కాసే అతను చూసి ఎత్తుకొచ్చాడు. పైవాళ్ళు మెమో ఇచ్చారు.

"ఇంకోసారి గిట్లయితే నౌకరి పోతది మేడం. నౌకరి సంగతి అటుంచుండ్రి, ఆ పిల్ల వాగుల పడితే నేనేం గావాలె?" అంది మొదటిరోజే. చాప పరుచుకుంటూ, "నేను చర్చికి పోయేదాన్ని. ఓం అనను. నడుస్తదా?" అని అడిగింది.

"మీ ప్రార్థనే చేసుకోండి టీచర్. మనసు దేని మీద నిలుస్తుందో అదే మీకు ఆధారం," అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం సరిగ్గా చెప్పాను.

యోగానికి ఎనిమిది అంగాలంటారు. అయిదోది ప్రత్యాహారం, అంటే బయట తిరిగే ఇంద్రియాలను లోపలికి మళ్ళించుకోవడం. పనులతో నలిగేవాళ్ళకు దీన్ని అందించాలని మేం క్లాసు చివర శవాసనంలో పడుకోబెట్టి 'గైడెడ్ రిలాక్సేషన్' చేయిస్తాం. కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేయమని మాటలతో నడిపించడం అన్నమాట. నా గొంతు బాగుంటుందని నాకు గర్వం. ఒక్క నిమిషమైనా ఆపేదాన్ని కాదు.

నెల కావస్తున్నా సలోమి టీచర్‌కు నిద్ర రాలేదు. "ఈ వారంతోని బంద్ జేస్తా మేడం. నిద్ర గోళీలు రాయించుకుంటా. కానీ పొద్దుగాల మత్తుంటే బడిల మళ్ళ అదే కథ," అంది. ఆమె కళ్ళ కింద నలుపు ఇంకా ముదిరింది.

ఆ మర్నాడు అందరినీ శవాసనంలో పడుకోబెట్టాను. "నేను చెప్పేదాకా లేవకండి, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి," అన్నాను. అది రోజూ చెప్పే నియమమే. అంతలో కరెంటు పోయింది. చెవి దగ్గర దోమ రొద. దోమల చుట్ట! పాప పడుకున్న చీర ఉయ్యాల కింద వెలిగించి పెట్టి వచ్చానా? ఉయ్యాల అంచు దాని మీదికి జారితే?

ఇక నిలవలేకపోయాను. వానలో ఇంటికి ఉరికాను.

అత్తమ్మ వరండాలో పాపకు అరటిపండు తినిపిస్తోంది. "ఏందే గట్ల ఉరికొస్తున్నవ్?"

"ఉయ్యాల కింద దోమల చుట్ట..."

"నువ్వు ముట్టియ్యనే లేదు. చుట్ట చేత్తో పట్టుకోని అగ్గిపెట్టె కోసం ఇల్లంత తిరిగి, ఆఖరికి ఆ గూట్లనే పెట్టి పోయినవ్. మరి ఆళ్ళనేం జేసినవ్?"

"పడుకోబెట్టి వచ్చిన."

"మంచి పంతులమ్మవే!"

నన్ను చూసి పాప ఏడుపు అందుకుంది. పాలిచ్చి, నిద్రపుచ్చి, మళ్ళీ హాలుకు వెళ్ళేసరికి బాగా ఆలస్యమైంది. చీకట్లో అందరూ అలాగే ఉన్నారు. కిరాణా కొట్టు లక్ష్మమ్మ తల ఎత్తి, "ష్... టీచర్ గురక పెడ్తుంది, లేపకు," అంది గుసగుసగా.

కరెంటు వచ్చాక సలోమి టీచర్ లేచి కూర్చుంది. ముఖం ఉబ్బి, చెంప మీద చాప గీతలు పడ్డాయి.

"ఎన్నాళ్ళకు మేడం! రోజూ మీరు 'ఊపిరి చూడండి' అంటే, అది యాడ ఆగుతదో అని చూస్తుంటి. 'మనసు ఖాళీ చేయండి' అంటే ఏం తీసెయ్యాల్నో ఎతుక్కుంటుంటి. ఇయాల మీ గొంతు లేకపాయె, సల్లగ నిద్ర పట్టె. నా కోసం కావాల్నే ఊకున్నరు గదా?"

నేను తల ఊపాను. అవునన్నట్టు.

"ఏం ఊకునుడు!" లక్ష్మమ్మ పకపకా నవ్వింది. "మేడం కాళ్ళు జూడుండ్రి. చెప్పులు గడప కాడనే ఉన్నయ్, బురదేమో మోకాళ్ళ దాకా ఉన్నది."

అందరూ నవ్వారు. సలోమి టీచర్ కూడా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. ఎనిమిది అంగాల్లో మొదటిదైన యమంలోనే సత్యం ఉంది. దాని మీద నేను ఎన్నిసార్లు ఉపన్యాసమిచ్చానో వాళ్ళందరికీ తెలుసు. అంతకంటే సిగ్గనిపించింది మరొకటి. శాంతి అంటూ ఇన్నాళ్ళూ వాళ్ళ చెవుల్లో పోసింది నా గాబరానే. నేను మాట్లాడుతూ ఉన్నది వాళ్ళ కోసం కాదు, ఊరుకుంటే నా భయాలు నాకు వినపడతాయని.

అప్పటి నుంచి శవాసనంలో రెండు మాటలు చెప్పి నోరు మూసుకుంటున్నాను. సలోమి టీచర్‌కు ముందు హాల్లో, తర్వాత ఇంట్లో నిద్ర అలవాటైంది. బడిలో మళ్ళీ కునుకు పడలేదు. నాకు మాత్రం, ఆ నిశ్శబ్దంలో ఇప్పటికీ మనసులోని ఉయ్యాల కింద రోజూ ఏదో ఒకటి అంటుకుంటూనే ఉంటుంది. అది నిజం కాదని నాకు నేను చెప్పుకుంటూ, లేవకుండా కూర్చోవడమే నా సాధన.

సలోమి టీచర్ ఇప్పటికీ వస్తుంది. వచ్చేటప్పుడు గడప దగ్గరి నా చెప్పులు తెచ్చి నా చాప పక్కన పెడుతుంది.

"ఉరకాలనిపిస్తే తొడుక్కోని ఉరుకుండ్రి మేడం," అని పడుకుంటుంది.