అక్క వేసిన నాటు

మొన్న డ్రైవింగ్ లైసెన్సు కొత్తది చేయించుకుందామని నల్లగొండలో మీసేవకు పోతే, అక్కడి అమ్మాయి నా కాగితాలు రెండుసార్లు తిప్పి చూసింది. పాత లైసెన్సులో నా రక్తం బి పాజిటివ్, దవాఖాన చీటీలో ఓ పాజిటివ్. "ఒకటే రాయాలె సార్, ఏది తప్పు?" అంది. రెండూ ఒప్పేనమ్మా అంటే, పొద్దున్నే నాకే దొరికాడా ఈయన అన్నట్టు చూసింది. ఆమెను అనడానికేం లేదు. కిరాయి ఇల్లు మారినట్టు రక్తం గ్రూపు మారుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నా ఎముకల్లో మూలుగ ఎండిపోయింది. ఒంట్లో రక్తం తయారయ్యేది అక్కడేనని అప్పటిదాకా నాకు తెలియదు. మూలుగ అంటే ఆదివారం కూరలో బొక్కను పళ్లెం అంచుకు కొట్టి జుర్రుకునేది, అంతే. సరిపోయే మూలుగ దొరక్కపోతే బతకడం కష్టమని హైదరాబాద్ డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే ఒక్క అక్కదే కలిసింది. అక్క కేతేపల్లి దిక్కు వరినాట్లకు కూలికి పోయే మనిషి. రోజంతా నడుము వంచితేనే ఆమె ఇల్లు గడుస్తుంది. మూలుగ తీసేదేమో సరిగ్గా ఆ నడుము కింది ఎముకలోంచే. "నడుం పట్టేస్తే ఇల్లెట్ల?" అని బావ నసిగాడు. ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.

డాక్టరు ఓపికగల మనిషి. మూలుగలో విత్తనం లాంటి కణాలుంటాయని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయని చెప్పాడు. కొన్ని విత్తనంగానే మిగిలిపోతాయట, కొన్ని ఎర్రకణాలై ప్రాణవాయువును మోస్తాయట, కొన్ని తెల్లవై రోగాలతో కొట్లాడతాయట. ఇచ్చినవాళ్లకు కొద్దివారాల్లో మళ్లీ ఊరుతుందట. అక్క అంతా విని, "ఏది ఏం గావాల్నో వాటికి ఎవలు చెప్తరు సారూ?" అని అడిగింది. డాక్టరు కళ్లజోడు తీసి, "పక్కనున్న కణాలు చెప్తాయమ్మా, ఉన్న జాగాను బట్టి" అన్నాడు. "గట్లనా. గిది నాటేసుడే గదా. నా మడిల నారు మా తమ్ముని మడిల పెడుతుండ్రు. తీస్కోండ్రి" అంది అక్క, బావ వైపు చూడకుండానే. బావకు ఇక ఒక్క అనుమానమే మిగిలింది: "ఆడమనిషి మూలుగ ఎక్కిస్తే మీసాలు ఊడుతయా సారు?" మీసాలు నిజంగానే ఊడాయి, మందుల దెబ్బకు. మళ్లీ మునుపటికంటే గుబురుగా మొలిచాయి. బావ గెలిచాడో ఓడాడో ఇప్పటికీ తేలలేదు.

ఎక్కించాక రెండు వారాలు అద్దాల గదిలో ఒక్కణ్నే ఉన్నాను. రోజూ రక్తం తీసి చూసేవాళ్లు, తెల్లకణాల జాడే లేదు. ఇక నాపని అయిపోయిందనుకొని అక్కకు ఫోన్ చేశాను. గట్టు మీద ఉన్నట్టుంది, వెనక నీళ్ల చప్పుడు. "నాటేసినంక వారం పది దినాలు పొలం పసుపుపచ్చగనే ఉంటది తమ్మీ. సచ్చిపోయిందనిపిస్తది. ఏర్లు పట్టాలె. ఫికర్ జెయ్యకు, పీకి చూడకు" అంది. మరి నాలుగు రోజులకు కణాలు కనబడ్డాయి. నర్సమ్మ ముందే సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇప్పుడు నా ఒంట్లో పారే రక్తమంతా అక్క కణాలదే, అందుకే ఆమె ఓ పాజిటివ్ నాదీ అయింది. దండం పెట్టబోతే తిడుతుంది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. అక్క నాకంటే నాలుగేండ్లు పెద్ద. అంటే నన్ను బతికించిన నెత్తురు, నేను పుట్టడానికి నాలుగేండ్ల ముందే ఈ లోకానికి వచ్చి నాకోసం సిద్ధంగా ఉందన్నమాట.