నీళ్ళలో మునిగి చచ్చిన కొర్రమీన్లు

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు ఉప్పల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ జువాలజీ చదివేదాన్ని. ఇల్లు నాచారంలో. ఆఖరి ఏడాది ప్రాజెక్టు, చేప రక్తం ఆక్సిజన్‌ని ఎలా మోస్తుందన్నది. గైడుగా ఉన్న సార్, పేరు ముందు డాక్టర్ అని పిలవకపోతే పలికేవారు కాదు. బతికున్న చేపని ఆయన చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో ఆయనకే గుర్తులేదు. కానీ ఈ ప్రాజెక్టుకి మార్కులు పడితేనే నాకు ఫస్ట్ క్లాసు, అదుంటేనే లెక్చరర్ ఉద్యోగం. అందుకని ఆయనేమన్నా తలూపేదాన్ని.

రోడ్డు పక్కన టబ్బులో కొర్రమీన్లు అమ్మే ఒకామె దగ్గర నాలుగు కొన్నాను. క్యాన్‌లో వేసిస్తూ, "మూత గట్టిగ పెట్టకు బిడ్డా. ఇవి ఉత్త నీళ్లతోని బతకయి. పైకొచ్చి నోటితోని గాలి గుంజుకోవాలె," అంది.

సార్‌కి అదే చెప్తే నవ్వారు.

"చేపలమ్మే ఆవిడ నీకు ఫిజియాలజీ చెప్పిందా? మొప్పల్లోంచి ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది, హిమోగ్లోబిన్ పట్టుకుంటుంది. ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు."

నిజమే. ఇంటర్ పిల్లలకి తెలిసినదంతా ఆయనకి తెలుసు. అక్కడితో ఆగిపోయారు.

నీళ్ళలోకి పంపుతో ముందే బాగా గాలి కొట్టించారు. ఆపైన బయటి గాలి తగిలితే లెక్క తప్పుతుందని తొట్టిని అంచుదాకా నింపించి, మీద అద్దం పెట్టించి, చుట్టూ టేపు వేయించారు. కాసేపటికి చేపలు పైకొచ్చి మూతులు అద్దానికేసి కొట్టుకోసాగాయి.

"గాలి కోసం కొట్టుకుంటున్నయి సార్."

"ఆక్సిజన్ దండిగా ఉందమ్మా, అందుకే అంత హుషారు. రాసుకో."

రాసుకున్నాను. కత్తెర నా చేతిలోనే ఉంది. టేపు మాత్రం కత్తిరించలేదు.

సాయంత్రానికి నాలుగూ వెల్లకిలా తేలాయి. చేపలు నీళ్ళలోనే ఊపిరాడక చచ్చాయి. మర్నాడు లైబ్రరీ పుస్తకం తిరగేస్తే అందులో ఉంది. కొర్రమీను మొప్పలు అందించే ఆక్సిజన్ దాని రక్తానికి చాలదు. మొప్పల పైన చిన్న గదుల్లాంటివి ఉంటాయి, మింగిన గాలి అక్కడికి చేరితే రక్తం దాన్నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. ఆ పేజీ సార్ ముందు పెట్టాను. ఓపిగ్గా చదివి, పుస్తకం మూసి, "చేపలకి రోగమని రాయి," అన్నారు.

వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అదే అడిగారు.

"నీళ్ళలో ఇంత ఆక్సిజన్ ఉంటే చేపలెందుకు చచ్చాయమ్మా?"

సార్ ఫ్యాను వంక చూస్తున్నారు. జవాబు నాకు కంఠతా వచ్చు.

"రోగం చేపలు సార్. అమ్మినామె మోసం చేసింది," అన్నాను.

ఎగ్జామినర్ జాలిగా తలాడించి మార్కులు వేశారు. ఫస్ట్ క్లాసు వచ్చింది. రోగమని చెప్పమన్నది సారే. మోసమన్న మాట మాత్రం ఎవరూ చెప్పమనలేదు, నేనే కలిపాను.