పండ్రి బజారులో వాకబు

కొత్త తానుల గంజి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు రత్నం పిన్ని నవ్వు వినిపిస్తుంది. నిన్న పండ్రి బట్టల బజారులో లైనింగు గుడ్డ కొంటుంటే అలాగే అయింది. పిన్ని నాకు చుట్టం కాదు. మేముండే ఈ హిందీ ఊళ్లో, మోవా పేటలో మా పక్కింటావిడ, రైల్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మాలాగే విజయనగరం వైపు కుటుంబం కనుక అందరికీ పిన్ని అయింది. అయిదో తరగతి దాటని నాకు ఫోనులో షేర్లు కొనడం నేర్పింది ఆవిడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా సందు ఆడవాళ్లం ఆవిడ వరండాలో చేరి, వడియాలు పెడుతూ మార్కెట్టు చూసేవాళ్లం.

జాకెట్లు కుట్టి కూడబెట్టిన డబ్బులో సగం పెట్టి నేనొక టెక్నాలజీ కంపెనీ షేర్లు కొన్నాను. మిగతా సగం మా ముందు గదిని కుట్టు దుకాణంగా మార్చడానికని దాచుకున్నాను. ఆ దుకాణం నా చిరకాలపు ఆశ. కొన్న కొన్నాళ్లకే షేరు జారడం మొదలుపెట్టింది. నాకు భయం వెయ్యలేదు సరికదా, హుషారు పుట్టింది. సంతలో సాయంత్రం టమాటా ధర పడిపోతే సంచి నింపుకునే అలవాటు మరి.

"సస్తా అయిపోయింది పిన్నీ, ఇంత చవగ్గా మళ్లీ దొరకదు. దుకాణం డబ్బు కూడా ఇందులోనే వేసేస్తాను," అన్నాను.

పిన్ని పిండిలోంచి చెయ్యి తియ్యకుండానే, "వేద్దువు గాని. ముందు ఇది చెప్పవే, ఆ కంపెనీ ఏటి చేసి బతుకుతాది?" అంది.

"కంప్యూటర్లో ఏదో..."

"అల్లుడేం చేస్తాడని అడిగితే ఏదో అంటామేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, నిజంగానే నాకు ఫోనులోని ఎర్రగీత తప్ప మరేమీ తెలియదు. దుకాణాల్లో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేరు చేస్తుందని పిన్నే చెప్పింది. "ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకోం కదే. ఇరుగునీ పొరుగునీ అడుగుతాం. రేపు పండ్రి పోదాం, పద."

పెళ్లి వాకబుకు వెళ్లినట్టే వెళ్లాం, అసలు సంగతి పైకి చెప్పకుండా, జాకెట్టు ముక్కలు బేరమాడుతూ. బిల్లు చేతికి రాగానే పిన్ని అమాయకంగా ఆ కంపెనీ పేరు చెప్పి, "భయ్యా, ఉస్‌కా మెషీన్ అచ్ఛా హై క్యా?" అనేది. మొదటి దుకాణం ముసలాయన బాగానే ఉందన్నాడు. నేను పొంగిపోయాను. పక్క దుకాణం సేఠ్ నుదురు కొట్టుకున్నాడు. "పూఛో మత్ దీదీ," అడగనే వద్దన్నాడు. పెళ్లిళ్ల సీజన్లో గిరాకీ నిండుగా ఉండగా బిల్లు మెషీను ఆగిపోయిందట. ఎంత మొత్తుకున్నా కంపెనీ నుంచి మనిషి రాలేదట. వేరేది పెట్టించుకున్నాడు. ఆ వరసలో చాలామంది అదే పని చేశారు.

ఆటో ఎక్కాక, "ఇప్పుడేం చెయ్యమంటావు పిన్నీ?" అన్నాను.

"నన్నడుగుతావేటి? పిల్లనిచ్చేది నువ్వు."

మోవా చేరేలోపు నా మనసులో తేలిపోయింది. దుకాణం డబ్బు ముట్టుకోలేదు. ఉన్న షేర్లు నష్టానికే అమ్మేశాను. తరవాత ఆ షేరు కొన్నాళ్లు పైకి లేచింది కూడా. నేను మొహం మాడ్చుకుంటే పిన్ని పకపకా నవ్వి, "వదిలేసిన పెళ్లికొడుక్కి ఉద్యోగమొచ్చిందని ఏడుస్తున్నావేటే? తెలుసుకునే వదిలావు కదా, చాలు," అంది.

పిన్ని ఇప్పుడు లేదు. ముందు గదిలో దుకాణం నడుస్తోంది. మధ్యలో ఒకసారి గిరాకీ బాగా పడిపోయింది. మా ఆయన కొత్త బోర్డు పెట్టిద్దామన్నాడు. నేను చెప్పులేసుకుని, రావడం మానేసిన వాళ్ల ఇళ్లకే వెళ్లి ఎందుకని అడిగాను. మొహమాటపడ్డారు, టీలిచ్చారు. చివరికి ఒకావిడ మెల్లిగా, "చంక దగ్గర పట్టేస్తోందమ్మా, పై అర అందుకుందామంటే చెయ్యి లేవడం లేదు," అంది. అప్పటినుంచి చంకల్లో విప్పుకోవడానికి వీలుగా రెండు వేళ్ల గుడ్డ వదిలి కుడుతున్నాను. ఆవిడ మళ్లీ వస్తోంది, కూతుర్ని కూడా వెంటబెట్టుకుని.